సముద్రం మూతపడిన నగరం

కోల్‌కతాను ఏ శత్రు నౌకాదళమూ చుట్టుముట్టి కూర్చోలేదు. అయినా 1942లో బంగాళాఖాతం మూతపడ్డాక బెంగాల్ పల్లెల్లో లక్షల మంది బలైపోయారు. యుద్ధకాలంలో సముద్రపు దారులు తెగితే ఏమవుతుందో హుగ్లీ ఒడ్డున నడిస్తే అర్థమవుతుంది.

కోల్‌కతాలోని ప్రిన్సెప్ ఘాట్‌కు సాయంత్రం షికారుకు వచ్చేవారు తెల్లటి స్తంభాల దగ్గర ఫొటోలు దిగుతారు. నాటు పడవెక్కి విద్యాసాగర్ సేతు కింద కాసేపు తిరిగి వెళ్లిపోతారు. అక్కడికి దగ్గర్లోనే, హేస్టింగ్స్ ప్రాంతంలో, దాదాపు 100 అడుగుల ఎత్తున మరో కట్టడం ఉంది. నాలుగు వైపులా పాతకాలపు ఓడ ముక్కు ఆకారం, పైన చిన్న గోపురం. దాన్ని వెతుక్కుంటూ వెళ్లేవారు తక్కువ. అది లాస్కర్ల స్మారకం. లాస్కర్లంటే బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో పనిచేసిన భారతీయ కళాసీలు. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన ఉమ్మడి బెంగాల్, అస్సాంలకు చెందిన 896 మంది కళాసీల జ్ఞాపకార్థం 1924లో దీన్ని ప్రారంభించారు.

ఈ 896 మంది తుపాకీ పట్టిన సైనికులు కారు. బాయిలర్లలో బొగ్గు వేసినవారు, డెక్ కడిగినవారు, వంట చేసినవారు. సిల్హెట్, నోవాఖలి, చిట్టగాంగ్ పల్లెల నుంచి వచ్చి కలకత్తా రేవులో ఓడలెక్కినవారు. ఆ యుద్ధంలో బ్రిటన్ తన నౌకాదళంతో జర్మనీకి సముద్రాన్ని మూసేసింది. జర్మనీ జలాంతర్గాములతో బ్రిటన్‌కు తిండి, సరుకు అందకుండా చేయబోయింది. రెండు దేశాలూ ఒకదాన్నొకటి ఆకలితో లొంగదీయాలని చూసిన ఆ పోరులో సరుకు మోసినవారు మునిగిపోయారు. జర్మనీలో ఆకలితో, ఆకలి తెచ్చిన జబ్బులతో లక్షల మంది పౌరులు మరణించారు. 1918 నవంబరులో కాల్పులు ఆగినా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసింది 1919 వేసవిలోనే.

నౌకా దిగ్బంధం సంగతి చదివేటప్పుడు లండన్, బెర్లిన్ పేర్లే ముందుకొస్తాయి. కానీ ఆ అస్త్రం ఎలా పనిచేస్తుందో, చివరకు ఎవరికి తగులుతుందో తెలుసుకోవడానికి కోల్‌కతాను మించిన చోటు అరుదు. సముద్రానికి దాదాపు 200 కిలోమీటర్ల లోపల నది మీద ఉన్న ఈ రేవు ఒకే శతాబ్దంలో సముద్రం మూసుకుపోవడం పలుమార్లు చవిచూసింది. ఒకసారి తానే మూసేవారి పక్షాన నిలిచింది.

ఒక్క ఓడ చాలు

తొలి పాఠం 1914 సెప్టెంబరులో వచ్చింది. ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక బంగాళాఖాతంలోకి చొరబడింది. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ దానికి నాలుగో పొగగొట్టం ఉన్నట్టు కనిపించే ఏర్పాటు చేసి బ్రిటిష్ నౌకగా భ్రమింపజేశాడు. సెప్టెంబరు 10 నుంచి కొద్దిరోజుల్లోనే కలకత్తా దారిలో వరసగా వాణిజ్య నౌకలను పట్టుకుని ముంచేశాడు. వాటిలోని మనుషులను మాత్రం క్షేమంగా పంపించేశాడు.

ముంచిన ఓడలు అయిదారుకు మించవు. ఆ కబురు రేవుకు చేరగానే మాత్రం కలకత్తా నుంచి నౌకలు కదలడం ఆగిపోయింది. బీమా రేట్లు చుక్కలనంటాయి. తేయాకు, జనపనార సరుకు గోదాముల్లో పేరుకుపోయింది. అదే నెల 22 రాత్రి ఎండెన్ మద్రాసు హార్బర్‌లోని చమురు ట్యాంకులపై గుళ్లు కురిపించింది. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో దాని కథ ముగిసింది. తమిళనాట గట్టిపిండం లాంటి మనిషిని ఎండెన్ అని పిలవడం ఆనాటి నుంచి వచ్చిందే.

ఈ ఘటనలో ఒక సూత్రం ఉంది. సముద్రాన్ని మూయడానికి ప్రతి ఓడనూ ముంచనక్కర్లేదు. తర్వాతి ఓడ యజమానికి, దానికి బీమా చేసేవాడికి భయం పుడితే చాలు.

ఇక జనపనార సంగతి. హుగ్లీ రెండు గట్ల మీదా టీటాగఢ్ నుంచి బజ్‌బజ్ దాకా మిల్లులు బారులు తీరి ఉండేవి. మన శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల నుంచి వలస వెళ్లిన తెలుగు కార్మికులు వాటిలో పెద్ద సంఖ్యలో పనిచేశారు. టీటాగఢ్‌లో వారి కుటుంబాలు తరాల తరబడి స్థిరపడ్డాయి. యుద్ధం రాగానే జర్మనీ, ఆస్ట్రియా మార్కెట్లు మూతపడ్డాయి. పచ్చి జనపనార ధర పడిపోయి తూర్పు బెంగాల్ రైతు దెబ్బతిన్నాడు. అదే సమయంలో కందకాల ముందు పేర్చే ఇసుక బస్తాలకు గిరాకీ విపరీతంగా పెరిగింది. చవగ్గా కొన్న నారతో గోనెసంచులు నేసి అమ్మిన మిల్లులు ఎన్నడూ చూడని లాభాలు కళ్లజూశాయి. సముద్రం మూతపడినా నష్టం అందరికీ సమానంగా రాలేదు. రైతు చితికిపోతే, సైన్యానికి సరుకు అమ్మగలిగినవాడు బాగుపడ్డాడు. మూడు దశాబ్దాల తర్వాత ఇదే తేడా చావుబతుకుల తేడాగా మారింది.

ఏప్రిల్ 1942

హేస్టింగ్స్ నుంచి కొద్ది దూరంలోనే ఖిదిర్‌పూర్ డాక్ ఉంది. 1892లో వాడుకలోకి వచ్చిన ఈ డాక్, 1929లో మొదలైన కింగ్ జార్జి డాక్ కలిసి రెండో ప్రపంచయుద్ధం నాటికి తూర్పు భారతానికి సింహద్వారం. కింగ్ జార్జి డాక్ ఇప్పుడు నేతాజీ సుభాష్ డాక్. మొత్తం రేవుకు 2020లో శ్యామాప్రసాద్ ముఖర్జీ పేరు పెట్టారు. 1942లో బెంగాల్ ప్రావిన్సు ఆర్థికమంత్రిగా ఉండి ఆ నవంబరులో రాజీనామా చేసిన నాయకుడే ఆయన.

1942 మార్చి 8న రంగూన్ జపాన్ సైన్యం వశమైంది. అదే నెల 23న అండమాన్ దీవులూ పోయాయి. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తొలితరాల వల్ల రంగూన్‌లో తెలుగువారికి కోరంగీలనే పేరు స్థిరపడింది. ఆ కుటుంబాలు సహా సుమారు అయిదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు. ఓడ దొరికినవారు సముద్రం మీద, దొరకనివారు అరకాన్, మణిపూర్ కొండదారుల్లో కాలినడకన. దారిలో వేలమంది రాలిపోయారు. బతికిన కాందిశీకులు చిట్టగాంగ్, అస్సాం మీదుగా కలకత్తా చేరారు. యుద్ధం ఎంత దగ్గరికొచ్చిందో నగరానికి ముందుగా తెలిసింది వారి ద్వారానే.

ఏప్రిల్ మొదటి వారంలో జపాన్ నౌకాదళం హిందూ మహాసముద్రంలోకి వచ్చింది. ఒక దండు కొలంబో, ట్రింకోమలీల మీద విరుచుకుపడింది. వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలోని మరో దండు బంగాళాఖాతంలో కొద్దిరోజుల్లోనే 23 వాణిజ్య నౌకలను ముంచేసింది. వాటి మొత్తం సామర్థ్యం లక్ష టన్నులకు పైమాటే. రేవులో ఉంటే ప్రమాదమని కలకత్తా నుంచి బయటికి పంపేసిన ఓడలూ వాటిలో ఉన్నాయి. ఏప్రిల్ 6న ఈ దండులోని ర్యూజో నౌక నుంచి లేచిన విమానాలే విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. రెండు ఊళ్ల జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీశారు. మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలను లోపలి జిల్లాలకు తరలించింది.

ఆ దండు వారం తిరక్కుండానే వెళ్లిపోయింది. అంత బలంతో మళ్లీ రాలేదు. న్యాయశాస్త్రం ప్రకారం దాన్ని దిగ్బంధం అనడానికీ లేదు. దిగ్బంధమంటే నౌకలను నిలిపి దాన్ని నిజంగా అమలు చేయాలి అని 1856 నాటి పారిస్ ప్రకటన నుంచీ ఒక నియమం ఉంది. కానీ ఫలితం మాత్రం దిగ్బంధానిదే. తూర్పు తీరం వెంబడి నౌకల రాకపోకలు స్తంభించాయి. కలకత్తాకు రావలసిన ఓడలను బొంబాయి వైపు మళ్లించారు. ఝరియా, రాణిగంజ్ బొగ్గు అంతకుముందు ఖిదిర్‌పూర్ రేవులో ఓడలకెక్కి మద్రాసుకూ, కొలంబోకూ, బొంబాయికీ వెళ్లేది. ఇప్పుడదంతా రైలు మీద పడింది. సైన్యం, ఆయుధాలు, బొగ్గు మోయడానికే చాలని వ్యాగన్లలో ధాన్యానికి చోటెక్కడ?

బర్మా బియ్యం ఆగిపోవడం మరో దెబ్బ. యుద్ధానికి ముందు ఏటా పది లక్షల టన్నులకు పైగా అక్కడి నుంచి భారత్‌కు వచ్చేది. దేశం మొత్తం వాడే బియ్యంలో ఇది అయిదు శాతానికి అటూఇటూ. లెక్క చూస్తే కొద్దిపాటి లోటే. కానీ తిరువాన్కూరు, సిలోన్ లాంటి చోట్ల ఆ బియ్యమే ఆధారం. వారంతా భారతీయ మార్కెట్‌లో కొనడం మొదలుపెట్టారు. ధర కదిలింది. ప్రావిన్సులు ఒకదాని తర్వాత ఒకటి తమ ధాన్యం బయటికి పోకుండా నిషేధాలు పెట్టుకున్నాయి. వాటిలో మద్రాసు కూడా ఉంది. ఆ విధంగా సముద్రం తర్వాత నేల మీది దారులూ మూతపడ్డాయి.

సొంత ప్రభుత్వమే వేసిన తాళం

ఇంతవరకూ శత్రువు చేసినది. తర్వాతిది సొంత ప్రభుత్వం చేసింది. జపాన్ సేన బెంగాల్ తీరంలో దిగితే వారికి తిండి, రవాణా దొరక్కూడదన్నది ఆలోచన. గవర్నర్ జాన్ హెర్బర్ట్ హయాంలో రెండు ఉత్తర్వులు వెలువడ్డాయి. మొదటిది, మిడ్నపూర్, ఖుల్నా, బాకర్‌గంజ్ వంటి తీర జిల్లాల నుంచి మిగులు బియ్యాన్ని తరలించడం. రెండోది, పది మందికి మించి ఎక్కగల పడవలన్నింటినీ స్వాధీనం చేసుకోవడం. 66 వేలకు పైగా నమోదైన పడవల్లో సుమారు 45 వేలు జనం చేతుల్లోంచి పోయాయి. కొన్నింటిని ముంచేశారు, కొన్నింటిని తగలబెట్టారు. మిగతావి సేకరణ కేంద్రాల్లో నీటికి నాని, ఎండకు పగిలి పాడయ్యాయి.

తూర్పు బెంగాల్ చూసినవారికి ఆ ఉత్తర్వు అర్థం వేరే చెప్పక్కర్లేదు. అక్కడ రోడ్డు తక్కువ, నీరెక్కువ. మన పల్లెలో ఎడ్లబండి చేసే పనులన్నీ అక్కడ పడవే చేస్తుంది. రైతు లంక భూములకు వెళ్లి సాగు చేసేది పడవ మీదే. కుమ్మరి మట్టి తెచ్చుకునేది, కుండలు సంతకు చేర్చేది పడవ మీదే. జాలరికి అదే పొలం. వడ్లు పండిన చోటి నుంచి లేని చోటికి పోవాలన్నా అదే దారి. పరిహారం ప్రధానంగా పడవ యజమానికి ఇచ్చారు. అద్దె పడవతో పొట్టపోసుకునేవాడికి, తెడ్డు వేసే కూలీకి ఆ రోజుతో పని పోయింది. తర్వాత కరవులో అందరికన్నా ముందుగా, ఎక్కువగా నలిగిపోయిన వర్గాల్లో జాలర్లు, పడవ కూలీలు, వ్యవసాయ కూలీలు, వడ్లు దంచే ఆడవారు ఉన్నారు.

జపాన్ సేన బెంగాల్ తీరంలో దిగనే లేదు. 1942 అక్టోబరు 16న పెనుతుపాను మాత్రం వచ్చింది. మిడ్నపూర్ తీరంలో 14 వేల మందికి పైగా మరణించారు. పశువులు లక్షల్లో పోయాయి. నిలబడిన వరికి గోధుమరంగు మచ్చ తెగులు సోకింది.

ధరే మరణశాసనం

కలకత్తాలో బియ్యం టోకు ధర 1942 డిసెంబరు రెండో వారంలో మణుగు 13, 14 రూపాయల మధ్య ఉంది. బెంగాల్ మణుగంటే సుమారు 37 కిలోలు. 1943 మార్చి 12 నాటికి ఆ ధర 21 రూపాయలు. మే 21కి 30 దాటింది. ఆగస్టు 20కి 37 అయింది. పల్లెల్లో అంతకన్నా ఎక్కువ పలికిన చోట్లున్నాయి. కూలి రేటు మాత్రం ఆ వేగంతో పెరగలేదు.

నగరంలో పరిస్థితి వేరు. యుద్ధానికి కలకత్తా ఉత్పత్తి కావాలి. అందుకే ఆయుధ కర్మాగారాలు, జనపనార మిల్లులు, రైల్వే, రేవు, ప్రభుత్వ కార్యాలయాల సిబ్బందిని ముందుగా తిండి అందాల్సిన వర్గాలుగా గుర్తించారు. వారికి యాజమాన్యాల దుకాణాల్లో తక్కువ ధరకే బియ్యం దొరికింది. ఆ బియ్యం పల్లెల నుంచి రావలసిందే. సైనిక ఖర్చుకు ప్రభుత్వం నోట్లు ముద్రించింది. ఆ డబ్బు నగరంలో చేతులు మారింది. నగరం పల్లెకన్నా ఎక్కువ ధర ఇచ్చి కొనగలిగింది. ఓడ, పడవ, వ్యాగన్ మూడూ కరవైన చోట మిగిలిన బియ్యం డబ్బున్న వైపే వెళ్లింది.

ఆ రోజుల్లో శాంతినికేతన్‌లో తొమ్మిదేళ్ల బాలుడైన అమర్త్యసేన్ దీన్ని కళ్లారా చూశారు. 1981లో వెలువడిన 'పావర్టీ అండ్ ఫామిన్స్'లో ఆయన తేల్చింది ఇదే. 1943లో బెంగాల్‌లో ఉన్న తిండి అంతకుముందు అయిదేళ్ల సగటుకన్నా అయిదు శాతమే తక్కువ. కరవు రాని 1941 కన్నా ఎక్కువ. లేనిది కొనే శక్తి. ఈ వాదన మీద అభ్యంతరాలున్నాయి. తెగులు వల్ల జరిగిన నష్టం అధికారిక లెక్కలకు ఎక్కలేదని, కొరత చెప్పినదానికన్నా పెద్దదని మరికొందరు పరిశోధకులు వాదిస్తారు. ఏ లెక్క తీసుకున్నా ఒక విషయంలో తేడా రాదు. చనిపోయినవారిలో రేవుకు, మిల్లుకు, సైన్యానికి కావలసినవాళ్లు దాదాపు లేరు.

బయటి నుంచి ధాన్యం తేవచ్చు కదా అన్న ప్రశ్నకు సమాధానం మళ్లీ ఓడల దగ్గరికే వెళుతుంది. 1943 జనవరిలో చర్చిల్ ప్రభుత్వం హిందూ మహాసముద్రంలోని వాణిజ్య నౌకల్లో అధికభాగాన్ని అట్లాంటిక్‌కు మళ్లించింది. అక్కడ జర్మన్ జలాంతర్గాములు బ్రిటన్‌కు సరుకు అందకుండా చేస్తున్నాయి. ఢిల్లీ నుంచి ధాన్యం కోసం పదేపదే వెళ్లిన అభ్యర్థనలకు లండన్ అడిగినదానిలో కొంతే ఇచ్చింది. ఒక దిగ్బంధాన్ని తట్టుకోవడానికి తీసుకున్న ఓడలు మరోచోట కరవును పెంచాయి.

స్యాల్దా స్టేషన్, హౌరా వంతెన

స్యాల్దా స్టేషన్‌లో ఇవాళ లోకల్ రైళ్లు దిగే జనం కాలు నిలవనివ్వరు. 1943 వేసవి నుంచి తూర్పు, దక్షిణ జిల్లాల నిర్భాగ్యులు ఈ దారినే నగరానికి వచ్చారు. అన్నం అడిగే ధైర్యం లేక గుమ్మాల ముందు నిలబడి గంజి పోయమని వేడుకున్నారు. ఆ ఏడాది ఆకలి నాటకాల్లో, చిత్రాల్లో, జ్ఞాపకాల్లో గంజి కోసం వేసిన ఆ కేకగానే మిగిలింది. శరదృతువు నాటికి నగరంలో వారి సంఖ్య లక్షకు పైబడింది. ఫుట్‌పాత్‌ల మీద శవాలు తీయడం రోజువారీ పనైంది.

ప్రభుత్వం కరవును అధికారికంగా ప్రకటించలేదు. ప్రకటిస్తే కరవు నిబంధనల ప్రకారం సహాయం చేసి తీరాలి. 1943 ఆగస్టు 22న 'స్టేట్స్‌మన్' పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ వీధుల్లో పడివున్న వారి ఫొటోలు అచ్చు వేసేవరకూ బయటి ప్రపంచానికి దీని తీవ్రత తెలియలేదు. అక్టోబరులో వైస్రాయిగా వచ్చిన వేవెల్ నగరాన్ని చూశాక సైన్యాన్ని సహాయానికి దింపారు. నెలాఖరున వచ్చిన ఒక ఆర్డినెన్సు కింద నిర్భాగ్యులను నగరం నుంచి శిబిరాలకు తరలించారు. కలకత్తాలో రేషన్ పూర్తిస్థాయిలో మొదలైంది 1944 జనవరి చివర్లో. అప్పటికే ఆకలి వెనక మలేరియా, కలరా, మశూచి వచ్చాయి. విచారణ సంఘం 1945లో మృతుల సంఖ్యను 15 లక్షలుగా చెప్పింది. తర్వాతి అంచనాలు 20 లక్షల నుంచి 30 లక్షల దాకా ఉన్నాయి.

స్యాల్దా నుంచి హౌరా వంతెన దగ్గరే. 26,500 టన్నుల ఉక్కుతో కట్టిన ఈ వంతెన కూడా సముద్రం మూతపడిన కాలపు బిడ్డే. ఇంగ్లండ్ ఉక్కు యుద్ధానికి పోవడంతో 23 వేల టన్నులు టాటా కర్మాగారం సమకూర్చింది. దిగుమతి ఆగితే దేశీయ పరిశ్రమ ఎదుగుతుందనడానికి దీన్ని ఉదాహరణగా చూపుతారు. అది నిజమే. 1943 ఫిబ్రవరి 3న బాంబుల భయంతో ఎలాంటి ఆర్భాటమూ లేకుండా వంతెనను తెరిచారు. కొద్ది నెలలకే ఆకలిగొన్నవారు దాని మీద నడిచి నగరంలోకి వచ్చారు.

నది దాటి శిబ్‌పూర్ వెళితే బొటానికల్ గార్డెన్. ఒకే చెట్టు అడవిలా పాకిన మహా మర్రిని చూడటానికి జనం వస్తారు. చివరకు నగరానికి ధాన్యం వచ్చినప్పుడు నిల్వకు గోదాములు చాలక ఈ తోటలో ఆరుబయట పోగులు పెట్టారు. అందులో చాలా భాగం ముక్కి పాడైపోయింది. ధాన్యం రేవుకు చేరినంత మాత్రాన ఆకలి తీరదు. అక్కడి నుంచి పల్లెకు పడవ వెళ్లాలి. ఆ పడవలను ఏడాది ముందే లేకుండా చేశారు.

1971: తాళం చేతులు మారింది

షేక్‌స్పియర్ సరణి పాతపేరు థియేటర్ రోడ్. 1971లో బంగ్లాదేశ్ ప్రవాస ప్రభుత్వం ఇక్కడి 8వ నంబరు భవనం నుంచి పనిచేసింది. దాదాపు కోటి మంది శరణార్థులు భారత్‌కు వచ్చిన ఏడాది అది. కోల్‌కతా శివారులో సాల్ట్ లేక్ శిబిరాలతో నిండిపోయింది.

ఆ ఆగస్టు నడిరాత్రి ముక్తివాహిని ఈతగాళ్లు చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల్లో ఓడలకు మందుపాతరలు అంటించి పేల్చేశారు. వారికి శిక్షణ ప్లాసీ దగ్గర భాగీరథి నదిలో. దాడికి సంకేతం ఆకాశవాణి కలకత్తా కేంద్రం ప్రసారం చేసిన పాటలు. కలకత్తా పోర్ట్ ట్రస్ట్‌కు చెందిన రెండు పడవలు ఫిరంగులు బిగించుకుని పద్మ, పలాశ్ పేర్లతో ముక్తివాహినికి చేరాయి. డిసెంబరులో యుద్ధం మొదలయ్యాక విక్రాంత్ నాయకత్వంలో భారత నౌకాదళం తూర్పు పాకిస్తాన్ తీరాన్ని మూసేసింది. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాక్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3-4 రాత్రి విశాఖ దగ్గర మునిగిపోయింది. విశాఖ బీచ్‌లోని 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఆ యుద్ధానిదే.

ఈ దిగ్బంధం రెండు వారాల్లోపే ముగిసింది. యుద్ధాన్ని త్వరగా ముగించడానికి అది తోడ్పడిందనడంలో సందేహం లేదు. అయితే చిట్టగాంగ్ రేవులో మునిగిన ఓడలు, నీటిలోని మందుపాతరలు యుద్ధంతో పోలేదు. వాటిని తొలగించడానికి సోవియట్ నౌకాదళం 1972 నుంచి 1974 దాకా పనిచేసింది. కొత్తగా పుట్టిన దేశానికి సహాయ ధాన్యం రావలసిన ముఖ్య ద్వారం అంతకాలం పూర్తిగా తెరుచుకోలేదు.

ఆ ప్రాంతంతో కోల్‌కతాకున్న నదీమార్గం అంతకుముందు 1965 యుద్ధంతోనే తెగింది. అస్సాం తేయాకును తూర్పు పాకిస్తాన్ నదుల మీదుగా కలకత్తాకు చేర్చే స్టీమర్లు ఆ సెప్టెంబరులో ఆగిపోయాయి. యుద్ధం 17 రోజుల్లో ముగిసింది. నదీ రవాణా ఒప్పందం కుదిరింది మాత్రం బంగ్లాదేశ్ ఏర్పడ్డాక 1972లో. ఈలోగా తేయాకు రైలు దారి పట్టింది, స్టీమర్ కంపెనీలు దెబ్బతిన్నాయి, వాటి మీద బతికిన సరంగులు చెదిరిపోయారు.

నేటికీ అదే పాఠం

2022లో రష్యా దాడి తర్వాత నల్లసముద్రంలో ఉక్రెయిన్ రేవులు మూతపడ్డాయి. ఆ ప్రభావం హైదరాబాద్, విజయవాడ వంటిళ్లలో పొద్దుతిరుగుడు నూనె ధరగా కనిపించింది. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో హౌతీల దాడులతో యూరప్ వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. కోల్‌కతా నుంచి తేయాకు పంపే ఎగుమతిదారులకు కిరాయీ పెరిగింది, రోజులూ పెరిగాయి. ఎండెన్ నాటి సూత్రం మారలేదు. కొన్ని ఓడలకు దెబ్బ తగిలితే మిగిలినవి వాటంతటవే దారి మార్చుకుంటాయి.

1994లో శాన్‌రెమోలో అంతర్జాతీయ నిపుణులు రూపొందించిన నియమావళి ప్రకారం పౌరులను ఆకలితో మాడ్చడమే లక్ష్యంగా దిగ్బంధం విధించకూడదు. బెంగాల్ అనుభవం ఈ నియమంలోని లోటును చూపుతుంది. 1942లో బెంగాలీ పల్లెను ఆకలితో మాడ్చాలని జపాన్ ప్రకటించలేదు. బ్రిటిష్ ప్రభుత్వమూ ప్రకటించలేదు. శత్రువు ఓడలను ముంచాడు. ప్రభుత్వం పడవలు లాక్కుంది. ప్రావిన్సులు సరిహద్దులు మూశాయి. వ్యాపారి ధాన్యం దాచాడు. ప్రతి ఒక్కరికీ తమ కారణం తమకుంది. అన్నింటి బరువూ పడవ కూలీ మీద పడింది.

ఆ యుద్ధపు గుర్తులు నగరంలో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. 1943 డిసెంబరు 5న పట్టపగలు జపాన్ విమానాలు ఖిదిర్‌పూర్ డాక్‌ల మీద బాంబులు వేసినప్పుడు వందల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది రేవు కూలీలే. 2018 డిసెంబరులో నేతాజీ సుభాష్ డాక్‌లో పూడిక తీస్తుంటే రెండో ప్రపంచయుద్ధం నాటి పెద్ద బాంబు బయటపడింది. సైన్యాన్ని, నౌకాదళాన్ని పిలవాల్సి వచ్చింది. ఆకలి చావులను చిత్తప్రసాద్, జైనుల్ అబెదిన్ చిత్రాలు, బిజన్ భట్టాచార్య 'నబాన్న' నాటకం, సత్యజిత్ రాయ్ 'అశని సంకేత్' సినిమా పదిలపరిచాయి. నగరంలో ఓడల్లో మునిగిన 896 మందికి స్తంభం ఉంది. పడవలు పోగొట్టుకుని, కాలినడకన ఇదే నగరానికి వచ్చి ఫుట్‌పాత్‌ల మీద ప్రాణాలొదిలినవారి కోసం మాత్రం హుగ్లీ ఒడ్డున అలాంటి స్తంభమేదీ కనిపించదు.